ఇంటర్‌లాక్ ‘ఫెయిల్’ అంటే తాగినట్టేనా? వాషింగ్టన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

వాషింగ్టన్ రాష్ట్రంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

ఉగాది కార్యక్రమాల గురించి మీరు పంపిన ఈమెయిల్ చూశాను. ఇమిగ్రేషన్ మీద ఒక సెషన్, టాక్సుల మీద ఒకటి, పిల్లల కాలేజీ అడ్మిషన్ల మీద ఒకటి, పెళ్ళి పరిచయ వేదిక. అన్నీ అవసరమైనవే. వాటి పక్కన ఇంకొక సెషన్ పెట్టమని అడగడానికి ఇది రాస్తున్నాను. డీయూఐ (తాగి బండి నడిపిన) కేసులో శిక్ష పడ్డాక కారులో పెట్టే, ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే బండి స్టార్ట్ కానివ్వని మెషిన్ అయిన ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ గురించి, అది ‘వయొలేషన్’ (రూల్ తప్పారు) అని రిపోర్ట్ పంపితే దాన్ని ఎలా ఎదుర్కోవాలన్నదాని గురించి. టాపిక్ వినగానే కమిటీలో సగం మంది పక్క చూపులు చూస్తారని తెలుసు. అందుకే ఎవరో ఒకరికి చాటుగా ఫోన్ చేసి అడగకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

తాగి బండి నడిపినవాళ్ళని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 2023లో ఈ దేశంలో మద్యం మత్తులో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 12,429 మంది పోయారు. ఇంటర్‌లాక్ కారులో ఉన్నంత కాలం మళ్ళీ తాగి పట్టుబడేవాళ్ళ సంఖ్య మూడింట రెండొంతుల దాకా తగ్గుతుందని అధ్యయనాలు తేల్చాయి. మెషిన్ మంచిదే. మా తమ్ముడి కారులో దాన్ని పెట్టినప్పుడు నేను మనసులో సంతోషించాను కూడా. నా బాధంతా ఆ మెషిన్ చెప్పిన ప్రతి మాటనీ వేదవాక్కుగా తీసుకుని, సిగ్గుతో నోరు మూసుకుని కూర్చునే మన అలవాటు గురించే.

రూల్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మన రాష్ట్రంలో మొదటిసారి డీయూఐకి సాధారణంగా ఏడాది పాటు ఇంటర్‌లాక్ ఉండాలి. రెండోసారి అయితే ఐదేళ్ళు, ఆ తర్వాత పదేళ్ళు. కారు స్టార్ట్ చేసే ముందు ఊదాలి. దారిలో అది ఎప్పుడు మళ్ళీ ఊదమంటే అప్పుడు ఊదాలి. ఊదినవాళ్ళ ఫొటో కెమెరా తీస్తుంది. ఏడాది అయిపోగానే మెషిన్ తీసేస్తారని చాలామంది అనుకుంటారు. అలా తీయరు. చివరి 180 రోజులు వరసగా ఒక్క మచ్చ కూడా లేదని మెషిన్ పెట్టిన కంపెనీ (అందరూ వెండర్ అంటారు) రాసివ్వాలి. ఏది మచ్చో చట్టంలోనే ఉంది. 0.04 గానీ అంతకు మించి గానీ రీడింగ్‌తో (ఊపిరిలో ఆల్కహాల్ కొలత అది) స్టార్ట్ చేయబోవడం, దారిలో అడిగిన టెస్ట్ ఎగ్గొట్టడం, ఇచ్చినా అందులో ఫెయిలవడం, సర్వీసుకి రమ్మన్నప్పుడు వెళ్ళకపోవడం. వీటిలో మొదటిదానికి చట్టమే ఒక వెసులుబాటు ఇచ్చింది. పది నిమిషాల లోపు మళ్ళీ ఊది, రీడింగ్ 0.04 కన్నా తక్కువ వచ్చి, రెండుసార్లూ ఊదింది ఒకే మనిషని ఫొటోలో తేలితే, ముందు వచ్చిన ఫెయిల్ లెక్కలోకి రాదు.

ఈ పది నిమిషాల సంగతి మా తమ్ముడికి తెలియదు. ఏడాది గడువు చివరికి వచ్చిన రోజుల్లో, ఒక సోమవారం పొద్దున మౌత్‌వాష్ పుక్కిలించి నేరుగా గ్యారేజీలోకి వెళ్ళి ఊదాడు. 0.05. మళ్ళీ ఊదితే ఇంకో ఫెయిల్ రికార్డవుతుందేమోనని భయపడి, మెషిన్ ఆపేసి, ఉబర్ పిలిచి ఆఫీసుకి పోయాడు. బుద్ధిగా ప్రవర్తించానని అనుకున్నాడు పాపం. సాయంత్రం వచ్చి ఊదితే 0.000. ఆ సున్నా వల్ల ఉపయోగం ఏముంది? పొద్దున నిజంగానే తాగి ఉన్నా సాయంత్రానికి సున్నాయే వచ్చేది. వెండర్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 180 రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆ వెంటనే ప్రొబేషన్ (కోర్టు షరతుల మీద బయట ఉండే కాలం) చూసే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, కోర్టుకి రమ్మని.

వాడు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం నా కంటపడే దాకా నాకూ తెలియదు. అడిగితే, “ఏమని చెప్పుకోను అక్కా, ఒకసారి తాగి దొరికినవాడు ఇప్పుడు తాగలేదంటే ఎవరు నమ్ముతారు” అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అచ్చంగా అదే పరిస్థితి. ఆ తర్వాత నేను ఒకరిద్దరితో కదిలిస్తే తెలిసింది, మన అపార్ట్‌మెంట్ల పార్కింగుల్లో ఇలా నోరు మెదపని కార్లు చాలానే ఉన్నాయని.

కోర్టు వాయిదాకి ముందు లాయర్ మాకు ఒక చిన్న లెక్క వివరించారు. నాకు తెలిసినంతలో వయొలేషన్ కాదనే వాదనకి అసలు బలం అక్కడే ఉంది. ఒంట్లోకి వెళ్ళిన ఆల్కహాల్ గంటకి దాదాపు 0.015 నుంచి 0.02 చొప్పున మాత్రమే తగ్గుతుంది. నోట్లో మిగిలిన తడి అలా కాదు, పావుగంటలో పోతుంది. 7:10కి 0.05 చూపించి 7:20కి 0.01కి పడిపోతే అది తాగుడు కాదు. ఏ మనిషి రక్తమూ పది నిమిషాల్లో అంత శుభ్రపడదు. అదే 7:20కి కూడా 0.05 దగ్గరే ఉంటే మౌత్‌వాష్ కథ చెప్పుకుని లాభం లేదు, జడ్జీలు ఆ కథ వారానికి ఎన్నిసార్లు వింటారో. రెండో రీడింగే సాక్షి. ఆ సాక్షిని మనం అప్పటికప్పుడు అక్కడే పుట్టించుకోవాలి, తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

పోలీసులు కేసు కోసం బ్రెత్ టెస్ట్ చేసేటప్పుడు మనిషిని పదిహేను నిమిషాలు కనిపెట్టి చూస్తారు, నోట్లో ఏమీ వేసుకోకుండా. గ్యారేజీలో పొద్దున్నే ఆ పని చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. మెషిన్ లోపల ఉండే ఫ్యూయల్ సెల్ అనే సెన్సర్ ఆల్కహాల్‌ని ప్లాటినం మీద ఆక్సీకరణం చేసి, పుట్టిన కరెంటుని కొలుస్తుంది. అది గొంతులోంచి వచ్చిందా, నాలుక మీదిదా, చేతికి రాసుకున్న శానిటైజర్ ఆవిరా అని అడగదు. మన చలికాలంలో అద్దం మీద కొట్టే వాషర్ ఫ్లూయిడ్‌లో మెథనాల్ ఉంటుంది, దానికీ ఫ్యూయల్ సెల్ స్పందిస్తుంది. కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లలో కూడా ఇథనాల్ ఉంటుంది. అన్నట్టు, షుగర్ ఉన్నవాళ్ళ ఊపిరిలో అసిటోన్ వల్ల రీడింగ్ వచ్చిందనే వాదన వాట్సాప్‌లో తిరుగుతోంది. ఫ్యూయల్ సెల్ మామూలుగా అసిటోన్‌ని పట్టించుకోదు. ఆ వాదన పట్టుకుని కోర్టుకి వెళ్ళకండి.

ఇక్కడి లాయర్లకి తోచని సంగతులు కొన్ని మనకే తెలుసు. అమ్మ విజయవాడ నుంచి పంపిన దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం సీసాల మీద లేబుల్ ఎప్పుడైనా చదివారా? పులియబెట్టి చేసే మందులు అవి. అందులో తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. బీరు కన్నా తక్కువేం కాదు. హోమియో చుక్కల మందుల్లో చాలావాటికి ఆల్కహాలే ఆధారం. “నేను మందు ముట్టలేదు” అని ఒట్టేసి చెప్పే మనిషి అరిష్టం రెండు చెంచాలు తాగి కారెక్కితే ఏమవుతుందో ఆలోచించండి. మన భాషలో ‘మందు’కి ఉన్న రెండర్థాలూ ఒకే సీసాలో ఉన్నాయి. ఈ విషయం ఏ వెండర్ మాన్యువల్‌లోనూ నాకు కనిపించలేదు, మనమే రాసుకోవాలి.

మరొకటి, కుటుంబమంతా ఒకే కారు వాడే ఇళ్ళు. భర్తకి ఆంక్ష ఉంటే భార్య కూడా అదే గొట్టంలోకి ఊదాలి. ఆమె రీడింగ్ ఆయన ఖాతాలో పడుతుంది. ఊదింది ఆమె అని చెప్పేది కెమెరా ఫొటో ఒక్కటే. పొద్దున గ్యారేజీ చీకట్లో ఆ ఫొటోలో మొహం తెలియకపోతే గొడవే. లైటు వేసి ఊదమని చెప్పండి. ఎవరైనా స్నేహం కొద్దీ వేరేవాళ్ళ కోసం ఊదితే మాత్రం ఊదినవాళ్ళదీ నేరమే, ఊదించుకున్నవాళ్ళదీ నేరమే. మెషిన్ లేని కారు నడిపి దొరికితే ప్రొబేషన్ షరతు తప్పినందుకు 30 రోజుల జైలు, దాన్ని తగ్గించే అధికారం జడ్జికి కూడా ఉండదు. ‘ఒక్కసారి నా కారు తీసుకెళ్ళరా’ అనే స్నేహితులకి ఇది తెలియాలి.

ఇండియా ప్రయాణం ఇంకో తలనొప్పి. నెలన్నర సెలవు పెట్టి వెళ్తే మధ్యలో క్యాలిబ్రేషన్ (మెషిన్ కొలత సరిచూడటం) తేదీ వచ్చిపోతుంది, అది సర్వీసు ఎగ్గొట్టడం కింద నమోదవుతుంది. సీటాక్ ఎయిర్‌పోర్టు పార్కింగులో వదిలిన కారు బ్యాటరీని ఆ మెషిన్ కొంచెం కొంచెంగా పీల్చేస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే మెషిన్ రికార్డులో (లాగ్ అంటారు) ‘పవర్ పోయింది’ అని పడుతుంది, చూసేవాళ్ళకి వైరు పీకినట్టు అనుమానం. వెళ్ళేముందు వెండర్‌తో మాట్లాడి తేదీ మార్పించుకుని, ఆ మాట కాగితం మీద గానీ ఈమెయిల్లో గానీ తీసుకోవాలి. మెకానిక్ బ్యాటరీ మారిస్తే బిల్లు దాచుకోవాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు దేశం దాటడానికి కోర్టు అనుమతి కావాలేమో ముందే లాయర్ని అడగాలి.

తమ్ముడి కేసుకి వస్తాను. మెషిన్ పూర్తి లాగ్ కావాలని, క్యాలిబ్రేషన్ రికార్డులు కావాలని, ఫొటోలు చెరిపేయకుండా ఉంచమని లాయర్ వెండర్‌కి రాతపూర్వకంగా రాశారు. ఫోన్లో అడిగితే మాకు వచ్చిన జవాబు ‘మా సిస్టమ్‌లో ఫెయిల్ అని ఉంది’ అని మాత్రమే. లాగ్ వచ్చాక చూస్తే అంతకు ముందు నెలల తరబడి ఆల్కహాల్ చూపిన రీడింగ్ ఒక్కటి కూడా లేదు, అన్నీ సున్నాలే. ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఊదింది కూడా సున్నా. రాత్రి సున్నా, పొద్దున మౌత్‌వాష్, వెంటనే ఉబర్ రసీదు. కోర్టులో జడ్జి అంతా విని, శిక్ష ఏమీ వేయకుండా వదిలేశారు. మేము ఇంటికి వచ్చి పాయసం చేసుకున్నాం.

కానీ 180 రోజుల లెక్క అలాగే ఉండిపోయింది. ఇది మాకు ఆలస్యంగా అర్థమైన సంగతి. కోర్టు వేరు, లైసెన్సు వేరు. కోర్టు చూసేది ప్రొబేషన్ షరతు తప్పాడా లేదా అని. లైసెన్సు మీది ఆంక్ష తీరేది వెండర్ ఇచ్చే సర్టిఫికెట్‌తో. చట్టం ఇచ్చిన ఆ పది నిమిషాల వెసులుబాటు వాడుకోకపోతే, కోర్టులో ఎంత నెగ్గినా ఆ సర్టిఫికెట్ దానంతట అది రాదు. రెండు చోట్లా విడివిడిగా అభ్యంతరం పెట్టాలి. అది కూడా నోటీసు మీద ఉన్న గడువులోపల. ఒకచోట గెలిచి రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

మెషిన్ని ప్రశ్నించడం అంటే అబద్ధం ఆడటమే అనుకునే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ళకి న్యూజెర్సీ సంగతి చెప్పండి. అక్కడ పోలీసులు వాడే బ్రెత్ మెషిన్లని క్యాలిబ్రేట్ చేసేటప్పుడు ఒక సార్జెంటు ఉష్ణోగ్రత సరిచూసే మెట్టు వదిలేశాడన్న ఆరోపణ వచ్చింది. 2018 నవంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు క్యాసిడీ కేసులో ఆ పరీక్షల్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదంది. ఐదు కౌంటీల్లో 20,667 మంది పరీక్షలు అనుమానంలో పడ్డాయి. అందులో మిడిల్‌సెక్స్ కౌంటీ ఒకటి. ఎడిసన్ ఉన్నది అందులోనే, అక్కడ మనవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. అవి ఇంటర్‌లాక్‌లు కావు, పోలీస్ స్టేషన్లో ఉండే పెద్ద మెషిన్లు. అంత జాగ్రత్తగా చూసుకునే వాటికే ఒక థర్మామీటర్ దగ్గర అంత గొడవైతే, డాష్‌బోర్డు కింద ఎండకీ చలికీ వేలాడే చేతి మెషిన్‌కి క్యాలిబ్రేషన్ కాగితం అడగడం తప్పెలా అవుతుంది?

హక్కు మాట కూడా చెప్పాలి. ప్రొబేషన్ రద్దు చేసే ముందు నోటీసు ఇవ్వాలని, సాక్ష్యం చూపించాలని, మనిషి తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1973లోనే గాగ్నన్ కేసులో చెప్పింది. లాయర్ ఫీజు కట్టలేని స్టూడెంట్లు పబ్లిక్ డిఫెండర్ని (ప్రభుత్వం తరఫున ఇచ్చే లాయర్ని) అడగొచ్చు. ఇంగ్లీషు అంతగా రానివాళ్ళు తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగొచ్చు, క్రిమినల్ కేసులో దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆఫీసులో గంటలు గంటలు మీటింగులు నడిపే కుర్రాడికి కూడా జడ్జి ముందు మాట తడబడుతుంది, అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి. ఒకటి మాత్రం చేయకూడదు, నోటీసు వచ్చిన రోజున కోర్టుకి వెళ్ళకపోవడం. వెళ్ళకపోతే వారెంటు వస్తుంది. చిన్న రీడింగు అరెస్టు దాకా పోయేది అలాగే.

అరెస్టు అనగానే మనకి వీసా. 2015 నవంబరు నుంచి, గడిచిన ఐదేళ్ళలో డీయూఐ అరెస్టు గానీ శిక్ష గానీ ఉంటే వీసాని కాన్సులేట్లు ముందుజాగ్రత్తగా రద్దు చేయొచ్చు. ఇక్కడ ఉండటానికి దానివల్ల వెంటనే ఇబ్బంది లేకపోయినా, ఊళ్ళో నాన్నకి బాగోలేదని పరిగెత్తినవాడు హైదరాబాదులో మళ్ళీ స్టాంపింగ్‌కి, మెడికల్ టెస్టుకి నిలబడాలి. ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. రెండు డీయూఐ శిక్షలు ఉంటే, పౌరసత్వం లాంటివాటికి చూసే ‘మంచి నడవడి’ లేదని మొదట్లోనే భావించవచ్చని 2019లో అటార్నీ జనరల్ ఒక కేసులో తీర్పు ఇచ్చారు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో క్రిమినల్ లాయర్ క్లయింటుకి చెప్పి తీరాలని 2010లో పడియా (Padilla) కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా మనవాళ్ళు డీయూఐ లాయర్‌కి వీసా సంగతి చెప్పరు, ఇమిగ్రేషన్ లాయర్‌కి డీయూఐ సంగతి చెప్పరు. ఇద్దరినీ ఒకే ఫోన్ కాల్‌లోకి తేవడం వల్ల తప్పిపోయే చిక్కులు చాలా ఉంటాయి.

మీ నుంచి నాకు కావలసింది పెద్దదేం కాదు. ఉగాదికి వచ్చే లాయర్లలో ఒక డీయూఐ లాయర్ని కూడా పిలవండి. సెషన్ పేరు ‘ట్రాఫిక్ చట్టాలు’ అని పెట్టండి, లేకపోతే ఎవరూ రారు, వచ్చినా ఎవరు వచ్చారా అని మిగతావాళ్ళు చూస్తారు. వీలైతే పిల్లల డ్యాన్సులు జరిగే సమయంలోనే పక్క గదిలో పెట్టండి. తెలుగులో ఒక పేజీ కాగితం అచ్చు వేసి గ్లోవ్ బాక్సులో పెట్టుకునేలా ఇవ్వండి. ఊదే ముందు నీళ్ళతో నోరు కడుక్కుని పావుగంట ఆగమని, ఫెయిల్ వస్తే కారు దగ్గరే ఉండి, నోరు మళ్ళీ కడుక్కుని, పది నిమిషాలు దాటకుండా మెషిన్ అనుమతించగానే మళ్ళీ ఊదమని, ఏం తిన్నాడో ఏం తాగాడో టైముతో సహా ఫోన్లో రాసుకోమని, సీసా ఫొటో తీసుకోమని, నిజంగా అనుమానం ఉంటే అదే రోజు ల్యాబులో టెస్టు చేయించుకోమని అందులో ఉండాలి. డ్రాఫ్ట్ నేను రాశాను, లాయర్ చూసి దిద్దాలి. తాగి ఊదినవాడికి ఆ కాగితం ఏ రకంగానూ ఉపయోగపడదు. రెండో రీడింగ్ వాడిని ఇంకా గట్టిగా పట్టిస్తుంది. అది కూడా కాగితం మీద రాయండి.

ఇంకోటి. జైలు వెబ్‌సైట్లలో కనిపించే ఫొటోల్ని మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్ళు ఉన్నారు. గ్రూపు అడ్మిన్లు మీలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, అలాంటివి వెంటనే తీసేయండి. ఆ ఫొటో భయంతోనే చాలామంది వయొలేషన్ ఉత్తరం వచ్చినా డ్రాయర్లో పెట్టి మూసేస్తున్నారు. గడువు దాటాక ఏ లాయరూ ఏమీ చేయలేడు.

ఫోన్ చేసి అడగడానికి ఒక నంబరు పెడదాం. ఎత్తేవాళ్ళు విన్న మాట ఇంటికి కూడా తీసుకెళ్ళకూడదు. సలహా చెప్పకూడదు, లాయర్ దగ్గరికి పంపాలి, అవసరమైతే కోర్టు దాకా కారులో దించాలి, అంతవరకే. ఆ లిస్టులో మొదటి పేరు నాది రాసుకోండి. మిగతా పేర్లలో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు ఉండేలా చూడండి, ఆడవాళ్ళతో ఈ విషయం చెప్పుకోవడానికి మా తమ్ముడిలాంటి వాళ్ళు చాలామంది జంకుతారు.

ఇట్లు,
మీ సంఘంలో సభ్యురాలు, ఒక అక్క
బోథెల్